షుగర్ బయటపడి ఏడాది: ఆ రోజు ఏం చేస్తే బాగుంటుంది?

ప్రశ్న: నాన్నగారికి టైప్ 2 షుగర్ బయటపడి వచ్చే నెలకి ఏడాది. అమలాపురం దగ్గర వ్యవసాయం. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ మాత్రలు వేసుకుంటారు. ఆ రోజున పరీక్షలన్నీ చేయిద్దామని నేను, ఆత్రేయపురం పూతరేకులు తెప్పిద్దామని అమ్మ. ఏ పరీక్షలు తప్పనిసరి?

జవాబు 1: ఆ తేదీని ఏటా పరీక్షలకి ఖాయం చేసుకోండి, మరిచిపోయే పనుండదు. రిపోర్టులు ఆ రోజుకి చేతికి రావాలంటే వారం ముందే మొదలెట్టాలి.

హెచ్‌బీఏ1సీకి, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్షకి, పరగడుపు అక్కర్లేదు. చాలామందికి 7 శాతం లోపు ఉండాలంటారు. ఒంట్లో ఐరన్ తక్కువైతే అది ఉన్నదానికన్నా ఎక్కువ చూపించొచ్చు, అందుకని హిమోగ్లోబిన్ కూడా చూపించండి.

కిడ్నీకి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడపోయాల్సిన వ్యర్థం) ఒక్కటీ చేయించి ఊరుకోకండి. అది పెరిగేసరికి కిడ్నీ చాలా దెబ్బతిని ఉండొచ్చు. మూత్రంలో ప్రోటీన్ పోతోందేమో చెప్పే అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి అడిగి మరీ చేయించండి. పొద్దున్న మొదటి మూత్రం ఇస్తే మేలు. జ్వరమొచ్చినా, ముందురోజు చేలో ఒళ్ళు హూనమయ్యేలా పనిచేసినా అంకె పెరుగుతుంది. 30 (మి.గ్రా./గ్రా.) దాటితే కంగారొద్దు, మళ్ళీ చేయించాలి. మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చూస్తే రెండుసార్లైనా ఎక్కువ రావాలి, అప్పుడే కిడ్నీకి దెబ్బ తగిలినట్టు లెక్క.

కంట్లో చుక్కలేసి రెటీనా (కంటి లోపలి వెనకపొర) చూస్తారు. చూపు కొన్ని గంటలు మసకగా ఉంటుంది, బండి ఆయన్ని నడపనివ్వకండి.

జవాబు 2: పాదాలు మరిచారండి. డాక్టరు సన్నటి నైలాన్ తీగ అరికాలికి ఆనించి, అది కొద్దిగా వంగేదాకా నొక్కుతారు. అది తెలియకపోతే స్పర్శ పోయినట్టే. అలాంటి కాలితో గట్టు మీద ఉత్తకాళ్ళతో నడిస్తే నత్తగుల్ల కోసినా తెలియదు. ఊడ్పుల రోజుల్లో బురదలోంచి రాగానే కడిగి, వేళ్ళ సందులు పొడిగుడ్డతో ఒత్తాలి. అక్కడ చర్మం నాని తెల్లబడితే పగిలి పుండవుతుంది. కొబ్బరినూనె మడమలకి రాయండి, సందుల్లో మాత్రం వద్దు.

జవాబు 3: అమ్మగారి కోరిక కాదనకండి. భోజనంలో అన్నం కాస్త తగ్గించి, చివర్లో సగం పూతరేకు పెట్టండి. బెల్లం రేకైనా పంచదారతో సమానమే. స్వీటు కోసమని భోజనం మానేసి గ్లిమిపిరైడ్ వేసుకుంటే మాత్రం షుగర్ పడిపోతుంది, చెమటలు, చేతుల వణుకు వస్తాయి. మీటర్లో 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాలకి మళ్ళీ చూడండి. అప్పుడు పూతరేకు పెట్టకండి, నెయ్యి వల్ల పంచదార రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది.