ఏఫిబ్ ఉన్నవాళ్ళకి ఇంట్లో చేసే స్లీప్ టెస్ట్ సరిపోతుందా?

తెనాలి అబ్బాయి:
నాన్నగారికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (ఏఫిబ్, అంటే గుండె లయ తప్పి కొట్టుకోవడం) ఉందండి, బ్లడ్ థిన్నర్ వాడుతున్నారు. గురక మామూలుగా ఉండదు, మధ్యలో ఊపిరి ఆగిపోతే అమ్మ కంగారుపడి తట్టి లేపుతుంది. పగలు మాత్రం కునుకు కూడా తియ్యరు, అందుకే నాకేం లేదు టెస్ట్ వద్దంటారు. కార్డియాలజిస్ట్ స్లీప్ స్టడీ రాశారు, ల్యాబ్ వాళ్ళేమో చేతికి పెట్టుకునే వాచ్ లాంటి మెషిన్ ఇంటికి పంపిస్తామన్నారు. ఏఫిబ్ వాళ్ళకి అది కరెక్ట్‌గా చూపిస్తుందా?

స్లీప్ టెక్నీషియన్, హైదరాబాద్:
పగలు నిద్ర రావట్లేదని వదిలెయ్యొద్దండి, ఏఫిబ్ వాళ్ళలో చాలామందికి ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) గట్టిగా ఉన్నా మగత ఉండదు. ఆ వాచ్ టైపుది వేలి దగ్గర రక్తనాళం బిగుసుకోవడం, పల్స్ మారడం చూసి లెక్కకడుతుంది, పల్సే అడ్డదిడ్డంగా ఉంటే లెక్క తేడా రావచ్చు. ఎప్పుడూ ఏఫిబ్‌లోనే ఉండేవాళ్ళకి, పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకి ఆ మోడల్ వాడొచ్చో లేదో ముందే అడగండి. నన్నడిగితే ముక్కులో సన్న ట్యూబు, ఛాతీకి బెల్టు, వేలికి ఆక్సిజన్ క్లిప్ ఉండేది తెప్పించుకోండి, అది ఊపిరినే కొలుస్తుంది. ట్యూబుని రెండు చెంపల మీద ప్లాస్టర్‌తో అతికించండి, లేకపోతే తెల్లారేసరికి దిండు మీద పడుంటుంది, రికార్డింగ్ అంతా వేస్ట్.

వైజాగ్ ఆంటీ:
మావారికీ ఏఫిబ్ ఉంది బాబూ. ఇంటి టెస్ట్‌లో గంటకి 11 సార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో అవుతోందని, మైల్డ్ అన్నారు, నాకు నమ్మకం కుదరక ల్యాబ్‌లో పడుకోబెడితే 26 వచ్చింది. ఇంటి మెషిన్‌కి మెదడు సిగ్నల్ ఉండదు కదా, ఆయన మెలకువగా దొర్లిన గంటలు కూడా నిద్ర కిందే లెక్కేసి భాగించేసింది. 5 లోపు, అంటే నార్మల్ అని వచ్చినా గురక అలాగే ఉంటే ల్యాబ్‌కి తీసుకెళ్ళు.

పల్మనాలజీ పీజీ:
ఆంటీ చెప్పింది నిజం. ఇంకోటి, హార్ట్ ఫెయిల్యూర్ గానీ పాత స్ట్రోక్ గానీ ఉంటే ఇంటి టెస్ట్ జోలికి పోకుండా నేరుగా ల్యాబే, అమెరికన్ స్లీప్ అకాడమీ 2017 గైడ్‌లైన్ కూడా అదే చెప్తుంది. వాళ్ళలో గొంతు మూసుకుపోవడం కాకుండా మెదడు నుంచే ఊపిరి సంకేతం ఆగే రకం ఉండొచ్చు, ఎకోలో (గుండె స్కాన్) ఈఎఫ్, అంటే గుండె ఒక్కో దెబ్బకి పంప్ చేసే రక్తం శాతం, 45 అంతకంటే తక్కువ ఉండి ఆ రకం ఎక్కువగా ఉన్నవాళ్ళకి ఏఎస్‌వీ మెషిన్ (ఊపిరిని బట్టి గాలి ఒత్తిడి మార్చే మాస్క్ మెషిన్) పెడితే గుండె మరణాలు పెరిగాయని 2015లో తేలింది. సీప్యాప్ (గొంతు మూసుకుపోకుండా మాస్క్‌తో గాలి ఒత్తిడి ఇచ్చే మెషిన్) పెడితే ఏఫిబ్ తగ్గిపోతుందని ట్రయల్స్‌లో ఇంకా రుజువు కాలేదు, కానీ రాత్రంతా ఆక్సిజన్ పడిపోవడం ఆపాలి కదా. వెళ్ళేటప్పుడు ఎకో రిపోర్ట్ తప్పకుండా పట్టుకెళ్ళండి.