'గొడ్డు విత్తనం' సరైన మాటేనా?

మొన్న కర్నూలులో ఒక కరపత్రం చేతికొచ్చింది. "గొడ్డు విత్తనాలు మాకొద్దు" అని పెద్ద అక్షరాల్లో ఉంది. పంటలో వచ్చిన గింజ మళ్ళీ మొలవకుండా చేసిన టెర్మినేటర్ విత్తనానికి తెలుగు మాటగా వాడారు. 'వంధ్య విత్తనం' అని రాసేవారూ ఉన్నారు. రెండూ సరికావని నా అభిప్రాయం.

గొడ్డుటావు ఈనదు. కానీ ఈ విత్తనం మొలుస్తుంది, పూస్తుంది. పత్తి అయితే కాయ పగిలి దూది ఇస్తుంది. ఆ దూదిలోని గింజను మళ్ళీ విత్తినప్పుడే మొలక రాదు. తాలు అందామంటే అదీ కుదరదు. తాలులో పప్పుండదు, ఇందులో ఉంటుంది.

1998 మార్చి 3న డెల్టా అండ్ పైన్ ల్యాండ్ అనే పత్తి విత్తనాల కంపెనీకీ, అమెరికా వ్యవసాయ శాఖకూ కలిపి వచ్చిన పేటెంటులో ఉన్న పద్ధతి ఇది. గింజలో పిండం ముదిరే దశలో విషపు ప్రోటీన్ తయారయ్యేలా మొక్కలో ఒక జన్యువును పెడతారు. కంపెనీ విత్తనం పెంచుకున్నంత కాలం అది పనిచేయకుండా మధ్యలో ఒక అడ్డు ఉంటుంది. అమ్మే ముందు విత్తనానికి టెట్రాసైక్లిన్ మందు పట్టిస్తే ఆ అడ్డు తొలగుతుంది. రైతు పంట బాగానే పండుతుంది. ఆ పంట గింజల్లోని పిండాలు మాత్రం చస్తాయి. దీనికి టెర్మినేటర్ అని పేరు పెట్టింది కెనడాకు చెందిన రాఫీ అనే స్వచ్ఛంద సంస్థ.

ఇది ఒకరు కావాలని చేసిన పని. 'గొడ్డు' అనగానే లోపం విత్తనానిదైపోతుంది, చేసిన చెయ్యి కనబడదు. పైగా గొడ్రాలు అన్న మాటతో మన ఊళ్ళలో ఎందరు ఆడవాళ్ళను ఏడిపించారో తెలిసీ దాన్ని మళ్ళీ తవ్వి తేవడం నాకు బాధగా ఉంది.

'మొలక చంపిన విత్తనం' అందాం. విత్తనమే మొలకను చంపిందన్న అర్థం రాదా అంటారేమో. 'పొట్టు తీసిన పప్పు' అంటే తీసింది పప్పు కాదని అందరికీ తెలుసు.

దీని మీద పాఠకులు రాసినవి, నా జవాబులు ఇవి.

ఆదోని నుంచి:
మా నాన్నగారు 'ఒక కారు విత్తనం' అంటారు, ఒక్క పంటకాలానికే పనికొచ్చేదని. బీటీ పత్తి విత్తనం ఏటా కొంటున్నాం కదండీ, ఇది అదే కదా?

జవాబు:
కాదండి. 2002లో అనుమతి వచ్చిన బీటీ పత్తి మన దగ్గర ఎక్కువగా హైబ్రిడ్, అంటే రెండు రకాలను కలిపి పుట్టించిన సంకరం. దాని గింజ విత్తితే మొలుస్తుంది, కాకపోతే మొక్కకో తీరుగా వస్తుంది, దిగుబడి పడిపోతుంది. 'విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా' అన్న సామెత తప్పేది అక్కడే. మొలక చంపిన విత్తనం ఏ దేశంలోనూ అమ్మకానికి రాలేదు. 1999లో అమెరికా విత్తనాల కంపెనీ మోన్‌శాంటో దాన్ని వ్యాపారంలోకి తేబోమని ప్రకటించింది. 2000లో జీవవైవిధ్య ఒప్పంద దేశాలు నైరోబీలో దానికి అనుమతులివ్వవద్దన్నాయి. అలాంటి రకాన్ని నమోదు చేయకూడదని మన 2001 మొక్కల రకాల, రైతు హక్కుల రక్షణ చట్టంలోనే ఉంది. పంట నుంచి విత్తనం దాచుకునే, మార్చుకునే హక్కు రైతుకు ఇచ్చిందీ ఆ చట్టమే. మీ నాన్నగారి మాట ఎంతో బాగుంది. దాన్ని హైబ్రిడ్‌కు ఉంచుకుందాం. రెంటినీ ఒకే పేరుతో పిలిస్తే జరిగిన నష్టమేదో, ఆపగలిగిన ముప్పేదో రైతుకు తెలియదు.

అనంతపురం నుంచి:
మొలవనిదాన్ని విత్తనం అనడమెందుకు? విత్తేది కాబట్టి విత్తనం. సరిహద్దు దాటితే కన్నడంలోనూ బిత్తు అంటే విత్తడమే. మొలవనిది వట్టి గింజ.

జవాబు:
మొదట నేనూ అలాగే రాసి కొట్టేశాను. మీ జిల్లాయే అందుకు కారణం. చట్నీకి వేయించే వేరుశనగ పప్పును కూడా మీరు విత్తనాలనే అంటారు. తినేదీ విత్తేదీ ఒకే మూటలోంచి తీసిన ఇళ్ళ మాట అది. వేరుశనగ తన పువ్వులోనే తాను ఫలదీకరించుకునే పంట, అందుకే ఇంటి కాయలే మళ్ళీ వేసినా రకం చెదరదు. ఆ మాటను నేను వదులుకోలేను. పేరులో విత్తనం ఉండాలి, దాని నుంచి ఏం తీసేశారో కూడా ఉండాలి.

విత్తనానికని ఎత్తిపెట్టిన కాయలకు మీ ఊళ్ళో వేరే పేరేమైనా ఉందా? కడప వైపు వారు ఇంకా ఎవరూ రాయలేదు.