పోర్ట్రెయిట్‌కి ఫాస్ట్ ప్రైమ్ కావాల్సిందేనా?

కిట్ లెన్స్ కుర్రాడు:
నా దగ్గర కానన్ 200డి, దాంతో వచ్చిన 18-55 ఉన్నాయి. వచ్చే నెల ఇంట్లోనే చెల్లి ఓణీల ఫంక్షన్. పోర్ట్రెయిట్లు బాగా రావాలని ఫాస్ట్ ప్రైమ్, అంటే జూమ్ లేకపోయినా ఎక్కువ వెలుతురు తీసుకునే లెన్స్, 85ఎంఎం ఎఫ్/1.8 కొందామనుకున్నాను. మా ఊరి స్టూడియో అన్న మాత్రం "ప్రైమ్‌లు యూట్యూబ్ మోజు, ఇంకొంత కూడబెట్టి 70-200 ఎఫ్/2.8 జూమ్ కొనుక్కో" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

మండపం మూల:
మీ స్టూడియో అన్న మాటే నా మాట. పెళ్లిళ్లు తీసేవాడికి నిలబడే చోటు తన చేతిలో ఉండదు. జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి ముందు పంతులుగారు, పక్కన వీడియో వాళ్లు, వెనక మేనత్తలు. "రెండడుగులు ముందుకెళ్లి తీస్తా" అంటే ఎవరు జరుగుతారు? 70-200 ఉంటే ఉన్నచోటి నుంచే ఇద్దరినీ తీయొచ్చు, మరుక్షణం పెళ్లికూతురి కళ్లు మాత్రమే తీయొచ్చు. ఎఫ్/1.4లో, అంటే లెన్స్‌ని బాగా తెరిచి తీసిన జంట ఫోటోలు ఆల్బమ్ డిజైన్‌కి వస్తుంటాయి, చూస్తుంటాను. పెళ్లికొడుకు షార్ప్‌గా, పెళ్లికూతురు మసకగా. వాటికి డబ్బులు ఎవరిస్తారు?

హై ఐఎస్ఓ వద్దు:
మూల అన్నా, తమ్ముడు అడిగింది ఒక్క అమ్మాయి పోర్ట్రెయిట్ గురించి, మీరు పెళ్లి మండపంలోకి వెళ్లిపోయారు. 18-55ని 55 దగ్గర పెడితే ఎఫ్/5.6 కంటే తెరుచుకోదు (ఎఫ్ నంబరు ఎంత తక్కువైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది). ఎఫ్/1.8 అంటే దానికి దాదాపు పది రెట్ల వెలుతురు. ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ సున్నితత్వం) 6400 అడిగే గదిలో 640 దగ్గర పని అయిపోతుంది. చామనఛాయ ముఖాన్ని ట్యూబ్‌లైటు కింద 6400లో తీసి చూడండి. నీడ పడిన చెంప నిండా రంగు చుక్కలు, వాటిని సాఫ్ట్‌వేర్‌లో తుడిస్తే మైనపు బొమ్మ. జూమ్‌లో స్టెబిలైజేషన్ ఉందిగా అనకండి. అది మన చెయ్యి వణుకుని ఆపుతుంది, నవ్వుతూ తల తిప్పే పిల్లని ఆపదు.

మండపం మూల:
ఫ్లాష్ ఉన్నది ఎందుకు? పైకప్పుకి కొట్టి బౌన్స్ చేస్తే సరి.

హై ఐఎస్ఓ వద్దు:
తెల్ల శ్లాబు అయితే సరే. షామియానా కింద ఎర్ర గుడ్డకి కొట్టి చూడండి, ముఖం కూడా ఎర్రగానే వస్తుంది.

లెక్కల మాస్టారు:
ఫ్లాష్ సంగతి అలా ఉంచండి. "బ్లర్ కావాలంటే ప్రైమే" అని చాలామంది నమ్మకం, అది సగమే నిజం. ముఖం ఫ్రేమ్‌లో అదే సైజులో ఉంచి తీసినప్పుడు, బాగా దూరంగా ఉన్న చెట్లూ దీపాలూ ఎంత కరుగుతాయో ఎఫ్ నంబరు ఒక్కటే చెప్పదు. ఫోకల్ లెంగ్త్‌ని (లెన్స్ మీదుండే ఎంఎం అంకెని) ఎఫ్ నంబరుతో భాగిస్తే వచ్చే వ్యాసం చెబుతుంది. 50 ఎఫ్/1.8కి 28 మి.మీ., 85 ఎఫ్/1.8కి 47, 85 ఎఫ్/1.4కి 61, 200 ఎఫ్/2.8కి 71. అంటే తోటలో ఆ జూమ్ 200 దగ్గర ఖరీదైన ప్రైమ్‌ని కూడా దాటేస్తుంది. కానీ వెనక గోడ మూడడుగుల్లోనే ఉంటే ఈ లెక్క చెల్లదు, అక్కడ ఎఫ్ నంబరు తక్కువున్నదే గెలుస్తుంది. మన ఇళ్లలో గోడ ఎప్పుడూ వీపు వెనకే ఉంటుంది!

ఇక అసలు చిక్కు చోటుది. 200డి సెన్సర్ చిన్నది, 85 దాని మీద, పెద్ద (ఫుల్ ఫ్రేమ్) సెన్సర్ మీది 136లా పనిచేస్తుంది. మనిషిని నిలువునా తీయాలంటే 85తో సుమారు ఏడున్నర మీటర్లు వెనక్కి జరగాలి. 70-200ని 70 దగ్గర పెట్టినా ఆరు మీటర్ల పైనే. 50తో నాలుగున్నర చాలు. తమ్ముడూ, ముందు టేపు తీసుకుని హాలు కొలిచి చూడు.

పట్టుచీరల కెమెరా:
జరీ సంగతి ఎవరూ ఎత్తలేదు. చవక ఫాస్ట్ ప్రైమ్‌ని పూర్తిగా తెరిచి తీస్తే, ఫోకస్‌కి కాస్త ముందున్న మెరుపు అంచులకు ఊదా రంగు, వెనకున్న వాటికి ఆకుపచ్చ అంటుకుంటుంది. పాపిడి బిళ్ల, వంకీ, ఓణీ అంచు, అన్నీ దొరికిపోతాయి. ఎఫ్/2.8కి దించితే (అంటే కాస్త మూస్తే) చాలావరకు పోతుంది. పైగా తల, భుజాలు వచ్చేలా తీసినప్పుడు 200డి మీద ఎఫ్/1.8కి స్పష్టంగా ఉండే లోతు దాదాపు 4 సెంటీమీటర్లే, ఏ ఫోకల్ లెంగ్త్ అయినా. కన్ను షార్ప్‌గా ఉంటే చెవి జుంకా పోతుంది. ఆ జుంకాలే కదా వాళ్లమ్మ చూడాలనుకునేది.

వ్యూఫైండర్‌లో 9 ఫోకస్ పాయింట్లే ఉన్నాయి. నడిమి పాయింట్‌తో కన్ను పట్టుకుని కెమెరా పక్కకి జరిపితే ఆ 4 సెంటీమీటర్లూ జారిపోతాయి. లైవ్ వ్యూ పెట్టి తెర మీద కన్నుని తాకు. అయినా నా ఓటు ప్రైమ్‌కే. 50 ఎఫ్/1.8 బరువు 160 గ్రాములు. కిలోన్నర జూమ్‌ని ముఖానికి గురిపెడితే ఆ వయసు పిల్లలు బిగుసుకుపోతారు.

మండపం మూల:
ఎఫ్/2.8కి దించేదానికి ఎఫ్/1.8 కొనడం దేనికమ్మా? నా జూమ్ ఎఫ్/2.8 దగ్గర పూర్తిగా తెరిచినా షార్పే.

పట్టుచీరల కెమెరా:
మీ జూమ్ ధర లక్ష దాటుతుందన్నా, ఈ 50 అందులో పదో వంతు. ఎఫ్/2.8కి దించినా ఆ అబ్బాయి 18-55 కంటే నాలుగు రెట్ల వెలుతురు.

కిట్ లెన్స్ కుర్రాడు:
హాలు పద్దెనిమిది అడుగులు. 85 పక్కన పెట్టేశాను, 50 తీసుకుంటాను. ఉదయం మంగళస్నానం పెరట్లో ఎండలోనే, అప్పుడు ఎఫ్/1.8లోనే తీయొచ్చా?

లెక్కల మాస్టారు:
నిండు ఎండలో ఐఎస్ఓ 100 దగ్గర ఎఫ్/1.8కి షట్టర్ 1/8000 సెకను కావాలి. నీ కెమెరా 1/4000 దగ్గర ఆగిపోతుంది. ఎఫ్/2.8 పెట్టు, లేదా పందిరి నీడలోకి రమ్మను.

మండపం మూల:
ఇంట్లో ఫంక్షన్ కాబట్టి 50 సరే, ఒప్పుకున్నా. ఆ ఫోటోలు చూసి చుట్టాలెవరైనా పెళ్లి ఆర్డర్ ఇస్తే మాత్రం, ఒక్క 50 పట్టుకుని వెళ్లకు తమ్ముడూ. ఆ రోజుకి జూమ్ అద్దెకి తెచ్చుకో.

హై ఐఎస్ఓ వద్దు:
50 కూడా బ్యాగులో ఉంచుకో. రాత్రి అప్పగింతల వేళకి మూల అన్న కూడా అదే తీస్తాడు, అడుగు.