కొత్త కారుకి టైరు దొరకట్లేదు, సిక్కోల్లో ఎక్కడైనా ఉందా?

సిక్కోలు_స్టీరింగ్:
అందరికీ నమస్తే. కారు కొని ఏడాది కూడా అవ్వలేదు, మొన్న రాజాం వైపు నుంచి వస్తంటే వాన నీళ్ళల్లో గొయ్యి కనపడక ముందు ఎడమ చక్రం దబ్బున దిగిపోయింది, టైరు సైడ్‌వాల్ మీద కోడిగుడ్డంత ఉబ్బు లేచింది, లోపల మడ్‌గార్డు ప్లాస్టిక్ లైనర్ చిరిగి వేలాడతంది. సైజు 215/55 ఆర్18. టౌన్లో టైరు షాపులన్నీ అడిగీసాను, రిమ్ము 16 అంగుళాలంటే ఎన్ని కావాలంటే అన్ని చూపిస్తన్నారు, 18 అనీసరికి వైజాగ్ నుంచి తెప్పించాలండి అంటారు, ఎప్పుడొస్తదో చెప్పరు. ఒకాయనైతే 225/55 వేసీమంటన్నాడు, ఏటవ్వదు బావు అని. లైనర్‌కి షోరూమోళ్ళు ఆర్డర్ పెట్టాం అన్నారు, ఫోన్ చేస్తే రేపు రేపు అంటన్నారు. ఇప్పుడు స్టెప్నీ మీదే తిరుగుతన్నాను, అది చిన్న సైజు, 80 దాటొద్దని దాని మీదే రాసుంది. ఏటి చెయ్యమంటారు?

కోట_జంక్షన్_కుర్రోడు:
నేను పాత బండికి ఒక సైజు పెద్దవి వేసాను బ్రో, రెండేళ్ళు తిరిగాను, ఏం అవ్వలేదు. వేసీ.

గాజువాక_గ్యారేజ్:
పైన తమ్ముడు నాలుగూ మార్చుంటాడు, అది వేరే సంగతి. ఇక్కడ ఒక్కటే మారుస్తారు. 225/55 వేస్తే టైరు ఎత్తు 11 మిల్లీమీటర్లు పెరుగుద్ది, అంటే ముందు రెండు చక్రాలూ వేరువేరు స్పీడులో తిరుగుతాయి, బ్రేకేస్తే చక్రాలు లాక్ అవ్వకుండా చూసే ఏబీఎస్ చూసేదే చక్రాల స్పీడు తేడా. వద్దు. అదే సైజు, వీలైతే అదే కంపెనీ అదే డిజైన్ వెయ్యండి, మిగతావి పెద్దగా అరగలేదు కాబట్టి ఒక్కటి చాలు. ఉబ్బుకి లోపల ప్యాచ్ వేస్తామంటే మాత్రం అస్సలు ఒప్పుకోకండి, లోపల తీగలు తెగితేనే అలా ఉబ్బుద్ది, హైవే మీద పేలిపోద్ది. ఇంకోటి, ఈ సైజులు గోడౌన్లలో పడుంటాయి, టైరు పక్కన ఉండే డాట్ కోడ్ చివర నాలుగంకెలు చూసి తీసుకోండి, 3524 అంటే 2024లో 35వ వారం తయారైంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది, కాబట్టి బిల్లు లేకుండా కొనకండి.

టెక్కలి_బావు:
మా వైపు వాళ్ళం వైజాగ్‌లో దొరక్కపోతే బరంపురం అడుగుతాం, ఒక ఫోన్ కొట్టి చూడండి. లైనర్ సంగతి, ఉత్తినే ఆర్డర్ పెట్టాం అంటే నమ్మకండి, ఛాసిస్ నంబర్ ఇచ్చి పార్ట్ నంబరు, ఆర్డర్ నంబరు రాయించుకోండి. అప్పటికీ కదలకపోతే కంపెనీకి మెయిల్, ఆ తర్వాత 1915, కన్స్యూమర్ హెల్ప్‌లైన్.
ఇన్సూరెన్స్ అడిగారా? ఒట్టి టైరు పోతే మామూలు పాలసీలో రూపాయి రాదు, కానీ అదే దెబ్బకి బండి కూడా పాడైతే టైరు ఖరీదులో సగం వరకు ఇస్తారు. మీకు లైనర్ చిరిగింది కదా. కాకపోతే క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడాది నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోద్ది, మొదటి ఏడాదికి అది 20 శాతం, లెక్కేసుకోండి. టైరు కవర్ యాడ్ఆన్ ఉంటే అసలు ఆలోచించక్కర్లేదు.

సిక్కోలు_స్టీరింగ్:
పాలసీ తీసి చూసాను, యాడ్ఆన్ లేదు అన్నా. సగం టైరు డబ్బుల కోసం బోనస్ పోగొట్టుకోవడం దండగ, క్లెయిమ్ వద్దులెండి. 225 ఆయనకి వద్దని చెప్పీసాను. బరంపురంలో మా చుట్టాలున్నారు, వాళ్ళని కనుక్కోమన్నాను, డేట్ ఫొటో తీసి పంపమని కూడా చెప్పాను.