తొమ్మిది, పది పిల్లలకు డిగ్రీ ఫిజిక్స్ చెప్పొచ్చా?

సర్కారుబడి_సారు (నల్లగొండ)
మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లవాడు, దూరం సూత్రంలో (s = ut + ½at²) త్వరణం ముందు ఆ సగం ఎక్కడిదని అడిగాడు. వేగం, కాలం గ్రాఫు గీసి, గీత కింద పడే త్రిభుజం వైశాల్యంలోని సగమే అది అని చూపించాను. మర్నాడు మళ్లీ వచ్చాడు. "త్వరణం మారుతూ ఉంటే త్రిభుజం రాదు కదా సారూ, అప్పుడెట్ల?" సన్నటి పట్టీలుగా కోసి కూడమన్నాను. పేరు చెప్పలేదు గానీ అది ఇంటిగ్రేషనే. ఇప్పుడు ఐదుగురు ఆదివారాలు వస్తామంటున్నారు. డిగ్రీ ఫస్ట్ సెమిస్టర్ మెకానిక్స్ మొదలుపెడదామని ఉంది. స్టాఫ్ రూములో నవ్వుతున్నారు. మీరేమంటారు?

పాలమూరు_జేఎల్ (మహబూబ్‌నగర్)
సాధ్యం కాదు. పద్దెనిమిదేళ్లుగా ఇంటర్ ఫస్టియర్‌కు ఫిజిక్స్ చెబుతున్నాను. గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లలోకి మార్చమంటే ఐదు బై పద్దెనిమిదా, పద్దెనిమిది బై ఐదా అని నా మొహం చూస్తారు, పదిలో మంచి మార్కులొచ్చినవాళ్లు కూడా. నాకు మొదటి పాఠాల్లోనే డెరివేటివ్, అంటే మార్పు రేటు లెక్క, కావాలి. లెక్కల సారు అక్కడికి వచ్చేసరికి సంక్రాంతి దగ్గర పడుతుంది. పదహారేళ్ల పిల్లల సంగతే ఇది. ఇక డిగ్రీ మెకానిక్స్ అంటే ఒకదానికొకటి కట్టి ఊగే కపుల్డ్ ఆసిలేటర్లు, బొంగరంలా తిరిగే గైరోస్కోపు. డిఫరెన్షియల్ సమీకరణాలు రాని పిల్లలకు వాటిని కథ లాగా చెబుతారా?

ఫౌండేషన్_బాధితుడు (సూర్యాపేట)
మావాడిని ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్‌లో వేశాను. ఇప్పుడు ఫిజిక్స్ పుస్తకం తీస్తే వాడికి తలనొప్పి. వద్దు సారూ.

సర్కారుబడి_సారు
అది ర్యాంకు కోసం మీరు వేసింది. ఇక్కడ పిల్లవాడే అడిగాడు.

ఫౌండేషన్_బాధితుడు
ఒకడు అడిగాడు. మిగతా నలుగురు?

బోరుమోటరు (దేవరకొండ)
నేను పది ఫెయిల్. బావి గట్టు మీద మోటరు పెడితే పాతిక అడుగులు దాటి నీళ్లు గుంజదని అనుభవం మీద తెలుసు, ఎందుకో తెలియదు. ఎనిమిది చదివే నా బిడ్డ చెప్పింది. మోటరు గుంజనే గుంజదట, లోపల గాలి తీసేస్తదట, బయటి గాలి నీళ్లను పైకి తోస్తదట. గాలి బలం ఎంత చేసినా పది మీటర్ల నీళ్ల బరువుకే సరిపోతదట. అందుకే మూడు వందల అడుగుల బోరులో సబ్‌మెర్సిబుల్‌ను అడుక్కి దింపుతాం. ఇరవై ఏండ్ల నుంచి దింపుతున్నా, ఈ మాట ఎవరూ చెప్పలేదు.

పాలమూరు_జేఎల్
అన్నా, మంచిదే. కానీ అది పీడనం పాఠం, హైస్కూలుదే. కాలేజీ ఫిజిక్స్ కాదు.

బోరుమోటరు
కాలేజీదంటే ఏంది మరి? ఇంగ్లీషులో చెప్తే కాలేజీదా?

సర్కారుబడి_సారు
బాగా అడిగావన్నా. మొన్న సాగర్ గేట్లు ఎత్తినప్పుడు నా ఐదుగురికి ఒక లెక్క ఇచ్చాను. 590 అడుగుల నుంచి నీళ్లు పడితే కింద వేగమెంత? 590 అడుగులు అంటే 180 మీటర్లు. శక్తి నిత్యత్వంతో సెకనుకు 59 మీటర్లు తెచ్చారు. గాలి, రాపిడి వదిలేశామని పక్కన రాశారు కూడా. ఆ మాట రాయమని నేను చెప్పలేదు.

పాలమూరు_జేఎల్
590 అడుగులా? అది సముద్ర మట్టం నుంచి లెక్కించే నీటిమట్టం సార్! ఆనకట్ట ఎత్తే 124 మీటర్లు, అదీ పునాది నుంచి. అసలు నీళ్లు పడే ఎత్తు ఇంకా తక్కువ. చెప్పేవాళ్లకే ఇది తెలియకపోతే పిల్లలకు డిగ్రీ మెకానిక్సా?

సాగర్_కాలనీ
కరెక్ట్. పేపర్లో రోజూ వేసే 590 ఎత్తు కాదు. కింద నది మట్టం తీసేయాలి.

ఫౌండేషన్_బాధితుడు
😀😀

సర్కారుబడి_సారు
తప్పు నాదే. సోమవారం పిల్లల ముందు కూడా ఒప్పుకుంటాను. కానీ ఒక మాట అడుగుతా. అంతర్జాతీయ ఫిజిక్స్ ఒలింపియాడ్‌కు మన దేశం 1998 నుంచి పిల్లలను పంపుతోంది. 2015లో ముంబైలోనే జరిగింది. యూనివర్సిటీలో చేరని పిల్లలే దానికి పోతారు. ఆ ప్రశ్నలు మన డిగ్రీ పేపర్ల కంటే గట్టివి. అక్కడ చప్పట్లు కొడతారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊరి పిల్లవాడు, జిల్లా పరిషత్ బడి పిల్లవాడు అనేసరికి సాధ్యం కాదంటారు. మీకు నచ్చనిది ఫిజిక్సా, మా పిల్లలా?

పాలమూరు_జేఎల్
నోరు అదుపులో పెట్టుకోండి సార్. నేను పుట్టింది నల్లమల పక్క ఊళ్లో. 1996లో మా సారు కూడా మీలాగే ఆదివారం సాపేక్ష సిద్ధాంతం చెప్పేవారు. రైలు వేగం పెరిగితే గడియారం నెమ్మదిస్తుందంటే రాత్రంతా నిద్రపోలేదు నేను. మిగతా సబ్జెక్టులు చప్పగా అనిపించాయి. పదిలో హిందీ పోయింది. 20 వస్తే పాస్, అవీ రాలేదు. అప్పటికే సారుకు బదిలీ అయింది. నేను మా నాన్నతో ముంబైకి మట్టి పనికి పోయాను, ఏడాది. డబ్బున్నవాడి కొడుకు తప్పితే లాంగ్ టర్మ్‌కు పోతాడు. మీ పిల్లవాడు తప్పితే ఎవరు పట్టుకుంటారు? మీరుంటారా అప్పుడు?

బోరుమోటరు
ఈ మాట ముందే చెప్పొచ్చు కదా సారూ. సాధ్యం కాదు, సాధ్యం కాదని పొద్దంతా కొట్లాడితిరి.

సర్కారుబడి_సారు
నాకూ బదిలీ వచ్చే ఏడాదే ఉండొచ్చు. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ మీరు ఫిజిక్స్‌లోకి వచ్చింది ఆ సారు వల్లే కదా?

పాలమూరు_జేఎల్
ఆయన వల్లే. కాదనను. నేను పోగొట్టుకున్న ఆ ఏడాదిని మాత్రం ఆయన తిరిగివ్వలేదు.

సర్కారుబడి_సారు
జనవరి నుంచి పరీక్షలు అయ్యేదాకా ఆపేస్తాను. గైరోస్కోపు జోలికి పోను, గ్రాఫులు, వైశాల్యాల దగ్గరే ఉంటాను. అంతకంటే తగ్గను.

పాలమూరు_జేఎల్
ఆ ఐదుగురికీ హిందీలో ఎన్ని వస్తున్నాయో రేపు ఒకసారి చూడండి.