మునగాకు సారంలో బాక్టీరియా పెరిగితే దాన్ని ప్రీబయోటిక్ అనవచ్చా?

తార్నాక విద్యార్థిని: ఎం.ఎస్సీ. ప్రాజెక్టుకు మునగాకు, గోంగూర నీటి సారాలను లాక్టోబాసిల్లస్ (పేగుకు మేలు చేసే బాక్టీరియా) మీద పరీక్షించాను. 37 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచితే మునగాకు గొట్టాల్లో పెరుగుదల బాగా కనిపించింది, ప్లేట్ల మీద కాలనీలూ ఎక్కువే. గోంగూరలో తగ్గింది. మునగాకు ప్రీబయోటిక్, అంటే పేగులో, ముఖ్యంగా పెద్దపేగులో, మేలు చేసే బాక్టీరియాకు ఆహారం అని రాస్తే పరీక్షకుడు ఆ మాట కొట్టేశారు. ఎందుకు?

పాత ల్యాబు మనిషి: లాక్టోబాసిల్లస్‌ను పెంచే ఎంఆర్‌ఎస్ అనే పోషక ద్రవం వాడారా? అందులో లీటరుకు 20 గ్రాముల గ్లూకోజు ఉంటుంది. అంత చక్కెర ఉండగా ఆకు చేసిన పని ఎంతో ఎలా తెలుస్తుంది? గ్లూకోజు తీసేసి, ఒక గొట్టంలో ఇనులిన్ (ప్రీబయోటిక్ అని ఇప్పటికే తేలిన పీచు), ఒకదానిలో సారం వేసి, మరొకదానిలో ఏదీ కలపకుండా ఉంచాలి. పక్కన పేగులోని మరో బాక్టీరియా ఈ.కోలైని కూడా పెంచి చూడాలి; అదీ అంతే పెరిగితే ఆకు మేలు చేసేవాటికే ఆహారం అనలేం.

తార్నాక విద్యార్థిని: అవన్నీ చేశాను సార్. ఈ.కోలై అంతగా పెరగలేదు.

పాత ల్యాబు మనిషి: మరి ఆకులోని చక్కెరలు? నీటి సారంలోకి గ్లూకోజు, ఫ్రక్టోజు దిగుతాయి. మనిషి తింటే అవి చిన్నపేగులోనే రక్తంలో కలిసిపోతాయి, పెద్దపేగు దాకా రావు. మీ గొట్టంలో చిన్నపేగు లేదు కదా!

మెహదీపట్నం గృహిణి: ఆషాఢంలో మునగాకు తినాలని మా అత్తగారు ఏ పరీక్షా లేకుండానే చెప్పేవారు.

పాత ల్యాబు మనిషి: తినవద్దని నేను అనలేదమ్మా. కూర వండుకుంటే పీచంతా లోపలికి వెళ్తుంది. సారం తీసేవారు వడగట్టి పారేసేది ఆ పీచునే.

తార్నాక విద్యార్థిని: మళ్లీ చక్కెర, పీచు! మాకు ఇచ్చింది ఆరు వారాలు. మనుషుల మీద పరీక్షించే అనుమతి మాకు ఎవరిస్తారు? ప్రీబయోటిక్‌కు 2017 నాటి నిర్వచనం ప్రకారం ఆరోగ్యానికి మేలు కూడా చూపాలి. అలాగైతే ఏ విద్యార్థీ ఆ మాట రాయకూడదా?

పాత ల్యాబు మనిషి: రాయకూడదు. మా అన్నయ్య షుగరు మాత్రలు మానేసి ఆకు పొడి వాడాడు. డబ్బా మీద ‘ప్రీబయోటిక్ అని నిరూపితం’ అని ఉంది. ఆధారం అడిగితే అమ్మినవాళ్లు ఒక విద్యార్థి ప్రాజెక్టు పేజీ చూపించారు. మూడు గొట్టాల ప్రయోగం అది. వారం రోజులు ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన కూర్చున్నాను.

తార్నాక విద్యార్థిని: మీ అన్నయ్యగారికి అలా జరగడం బాధాకరం. కానీ ఆ డబ్బా నేను అమ్మలేదు. వాళ్ల తప్పుకు నా పేజీ ఎందుకు శిక్ష అనుభవించాలి?

హబ్సిగూడ: ‘ప్రీబయోటిక్ కాగల గుణం’ అని రాస్తే సరిపోదా?

పాత ల్యాబు మనిషి: డబ్బా మీద అచ్చువేసేటప్పుడు ముందుగా తీసేసేది ఆ ‘కాగల’నే.

తార్నాక విద్యార్థిని: మాట విషయంలో నేను ఒప్పుకోను. చక్కెరలు తీసే పద్ధతి మాత్రం చెప్పండి. మా విభాగంలో డయాలిసిస్ గొట్టం (చిన్న అణువులను మాత్రమే బయటికి వదిలే పొర గొట్టం) ఉంది.

పాత ల్యాబు మనిషి: సారం అందులో పోసి రాత్రంతా చల్లని నీటిలో ఉంచండి, నీరు మారుస్తూ ఉండండి. చిన్న గొలుసుల పిండిపదార్థాలూ కొన్ని బయటికి పోతాయి, వాటిలో పనికొచ్చేవి ఉండవచ్చు. అందుకే ఆ నీటినీ పారేయకుండా పరీక్షించండి.