వాంపైర్ కాటు తగిలిన రోగ్‌ని ఏం చెయ్యాలి?

ప్రశ్న:
మా ఆదివారం గ్రూపుకి డీఎం (ఆట నడిపేవాణ్ణి) నేనే. డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాత్రలు వేస్తూ ఆడే ఆట) ఐదో ఎడిషన్, కథ జరిగేది వాంపైర్ ఏలే బరోవియాలో. మొన్న ఓ వాంపైర్ స్పాన్ (వాంపైర్ చేతిలో చచ్చి లేచిన బానిస) మా రోగ్‌ని (దొంగ పాత్రని) పట్టుకుని కొరికింది. మాక్స్ హిట్ పాయింట్లు (ప్రాణశక్తికి గరిష్ఠ హద్దు) 31 నుంచి 20కి పడ్డాయి. "అన్నా, నేనిక వాంపైర్‌నేనా?" అని వాడికి ఒకటే టెన్షన్. మిగతావాళ్ళేమో మందు కోసం ఊరంతా గాలిస్తున్నారు. అసలు ఇది అంటుకుంటుందా?

జవాబు:
2014 రూల్స్‌లో అంటుకోదు తమ్ముడూ. లాంగ్ రెస్ట్ (ఆటలో రాత్రంతా విశ్రాంతి) తీసుకుంటే ఆ పాయింట్లు తిరిగొస్తాయి. అసలైన వాంపైర్ కొరికి మాక్స్ సున్నాకి దించి చంపాలి, ఆ శవాన్ని పూడ్చాలి. అప్పుడే మర్నాటి రాత్రి స్పాన్‌గా లేస్తుంది. స్పాన్ కాటుకి ఆ శక్తి కూడా లేదు.

ఇంకో జవాబు:
రూల్ అదే, కానీ ఇంత మంచి భయాన్ని చేజేతులా పోగొట్టుకోకు. నేనైతే రోజూ తెల్లారగానే కాన్‌స్టిట్యూషన్ సేవ్ (ఒంటి గట్టిదనాన్ని పరీక్షించే పాచిక) వేయించా. ఫెయిలైతే చేతిలో ఓ చీటీ: "సత్రంలో పులుసు వెల్లుల్లి కంపు కొడుతోంది." మా వాడు మాట్లాడకుండా గిన్నె పక్కకి తోశాడు, అందరూ వాడినే చూశారు! విరుగుడుగా గ్రేటర్ రెస్టొరేషన్ అనే మంత్రం పెట్టా. దానికి 100 బంగారు నాణేల వజ్రపు పొడి, తొమ్మిదో లెవెల్ క్లెరిక్ (పూజారి పాత్ర) కావాలి. ముందు ఆటగాణ్ణి అడుగు, ఒకతను నామీద అలిగాడు.

ప్రశ్న వేసిన వ్యక్తి:
అడిగా. "చీటీలు ఎప్పుడిస్తావ్?" అంటున్నాడు.